నేను క్షేమం: రోమన్ సిపాయిల ఉత్తరాలు

ఈసారి చరిత్ర గురించి రాయాలనుకున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి. నాది సొంతంగా నేర్చుకున్న తెలుగు. తప్పులు కనిపిస్తే ఎప్పటిలాగే చెప్పండి, దిద్దుకుంటాను.

ఇదంతా మా నానమ్మ ట్రంకు పెట్టె దగ్గర మొదలైంది. మా తాతయ్య 1950లలో సైన్యంలో చేరారు. అప్పటికి ఆయనకి పంతొమ్మిదేళ్లు. యుద్ధం లేదు. ఉత్తరాదిన ఒక కంటోన్మెంటులో పొద్దున కవాతు, మధ్యాహ్నం సామాను లెక్కలు, రాత్రి కాపలా. అక్కడి నుంచి వాళ్ల నాన్నగారికి రాసిన ఉత్తరాలు నలభై ఒకటి మిగిలాయి. పోయినసారి ఊరు వెళ్లినప్పుడు నానమ్మ అవి నా చేతిలో పెట్టింది. "తెలుగు నేర్చుకుంటున్నావంట గదా. ఇవి చదివి నాకు వినిపించు. నాకు కళ్లు ఆనడం లేదు" అంది.

నేను పుట్టి పెరిగింది లీడ్స్‌లో. అచ్చు అక్షరాలు చదవగలను. తాతయ్యది గొలుసుకట్టు రాత. పైగా ఇన్‌లాండ్ కవరులో ఒక్క మూల కూడా వదలకుండా, అంచుల మీద కూడా రాసేవారు. మొదటి ఉత్తరం చదవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. తీరా చదివితే అందులో ఏముంది? మహారాజశ్రీ నాన్నగారికి నమస్కరించి వ్రాయునది, ఉభయకుశలోపరి, ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను, తమ్ముడి చదువు ఎలా ఉంది, గేదె ఈనిందా, మనియార్డరు అందిందా. సైన్యం గురించి ఒకటిన్నర వాక్యం. నిజం చెప్పాలంటే నిరాశ పడ్డాను.

ఆ తర్వాత కొన్ని వారాలకు నార్తంబర్లాండ్‌లో విండొలాండా చూడ్డానికి వెళ్లాం. అది రోమన్ల కాలపు కోట. హేడ్రియన్ గోడకి కొంచెం దక్షిణాన ఉంటుంది, కానీ గోడ కంటే పాతది. గోడ పని మొదలైంది క్రీ.శ. 122లో. అంతకు ముప్పై, నలభై ఏళ్ల ముందే అక్కడ పటాలాలు ఉండేవి. (పటాలం అనే మాట బెటాలియన్ నుంచి వచ్చిందట. నాకు అచ్చ తెలుగు మాటలా వినిపించింది, మోసపోయాను.) ఆ సిపాయిలు రోమ్ నగరం వాళ్లు కారు. ఇప్పటి బెల్జియం, నెదర్లాండ్స్ ప్రాంతాల నుంచి వచ్చిన టుంగ్రియన్లు, బటావియన్లు. వాన, బురద, చలి. ఆ బురదే మనకి మేలు చేసింది. గాలి తగలని తడి మట్టిలో వాళ్ల ఉత్తరాలు కుళ్లిపోకుండా ఉండిపోయాయి. 1973లో రాబిన్ బర్లీ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వుతున్నప్పుడు మొదటివి బయటపడ్డాయి. కాగితం కాదు, పోస్టుకార్డంత చెక్క రేకులు. వాటి మీద మసి సిరాతో రాసేవాళ్లు.

వాటిలో బాగా పేరున్నది ఒక అధికారి భార్య తన స్నేహితురాలిని పుట్టినరోజుకి పిలిచిన ఉత్తరం. అందరూ దాని గురించే మాట్లాడతారు. అది అధికారుల ఇంటి సంగతి. నన్ను పట్టుకున్నది ఇంకొకటి. అది సగం ముక్కే, రాసినవాళ్ల పేరు పోయింది. సత్తువా అనే చోటి నుంచి మేజోళ్లు, రెండు జతల చెప్పులు, రెండు లోపలి లాగులు నీకు పంపాను అని అందులో ఉంది. చివర ఎల్పిస్, టెట్రికస్ ఇంకా కొందరి పేర్లు చెప్పి, నీతో కలిసి ఉండే వాళ్లందరినీ అడిగానని చెప్పు, అందరూ చల్లగా ఉండాలి అని ముగుస్తుంది. పంపింది అమ్మా, అన్నా, స్నేహితుడా? చెక్క చెప్పదు. నేను మాత్రం అద్దాల పెట్టె ముందు నిలబడి మా అమ్మ గుంటూరు నుంచి తెప్పించి యూనివర్సిటీ హాస్టల్‌కి పంపిన పార్సిళ్లు తలుచుకున్నాను. గోంగూర పచ్చడి, స్వెట్టరు, వాటి మధ్యలో బనియన్లు.

ఇంటికి వచ్చాక ఈ సిపాయిల ఉత్తరాలు ఇంకా ఎక్కడ ఉన్నాయా అని వెతికాను. ఎక్కువగా ఈజిప్టులో దొరికాయి. అక్కడ కాపాడింది తడి కాదు, ఇసుక. రాసింది పపైరస్ మీద. అన్నిటికన్నా నాకు నచ్చినవాడు అపియోన్.

అపియోన్ ఈజిప్టులో ఫాయూమ్ ప్రాంతంలో ఫిలడెల్ఫియా అనే ఊరివాడు. (అమెరికాలో ఉన్న పాఠకులారా, మీ ఫిలడెల్ఫియా కాదు!) క్రీ.శ. రెండో శతాబ్దంలో రోమన్ నౌకాదళంలో చేరాడు. ఓడ ఎక్కి మధ్యధరా సముద్రం దాటి ఇటలీలో నేపుల్స్ దగ్గరి మిసెనుమ్ రేవుకి వెళ్లాడు. అక్కడ దిగాక తండ్రి ఎపిమాఖోస్‌కి గ్రీకులో ఒక ఉత్తరం రాశాడు. అది ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. దాని అనువాదం చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే అది తాతయ్య ఉత్తరమే!

మొదట తండ్రికి, ప్రభువుకి నమస్కారాలు. అన్నిటికన్నా ముందు మీ ఆరోగ్యం కోసం ప్రార్థిస్తున్నాను, అక్క, అక్క కూతురు, అన్న కూడా బాగుండాలి. ఇది అచ్చంగా మన ఉభయకుశలోపరి. తర్వాత సముద్రం మీద ప్రమాదం వస్తే సెరాపిస్ దేవుడు కాపాడాడని ఒక్క ముక్క. ఏ ప్రమాదమో చెప్పడు. తుఫానా, ఓడ పగిలిందా? ఏమీ లేదు, వెంటనే డబ్బు సంగతికి వెళ్లిపోతాడు. మిసెనుమ్ చేరగానే దారి ఖర్చులకి చక్రవర్తి తరఫున మూడు బంగారు నాణేలు ఇచ్చారు. మూడు బంగారు నాణేలంటే 75 వెండి దినారాలు. పల్లెటూరి కుర్రాడికి అది పెద్ద మొత్తమే, ఇంట్లో చెప్పుకోవాల్సిన మాటే. నేను బాగున్నాను అంటాడు.

తర్వాతి కోరిక నేను చాలాసార్లు చదివాను. నాన్నా, నాకు ఉత్తరం రాయండి, మొదట మీ క్షేమం కోసం, రెండోది తోబుట్టువుల క్షేమం కోసం, మూడోది మీ చేతిరాతకి నేను దణ్ణం పెట్టుకోవడం కోసం అంటాడు. ఎందుకంటే మీరు నన్ను బాగా చదివించారు, దానివల్ల ఇక్కడ తొందరగా పైకి వస్తానని నా ఆశ, దేవుళ్లు తలిస్తే. చేతిరాతకి దణ్ణం! పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోమని నన్ను కూడా చిన్నప్పుడు తిట్టేవాళ్లు. ఇంగ్లీషు అనువాదాల్లో ఈ మాట కొంచెం వింతగా ఉంటుంది, తెలుగులో అసలు వింతే లేదు.

చివర్లో రెండు సంగతులు. ఒకటి, తన బొమ్మ వేయించి యూక్టెమోన్ అనే మనిషి చేతికిచ్చి పంపాడు. తాతయ్య కూడా చేరిన మొదటి ఏడాది స్టూడియోకి వెళ్లి యూనిఫారంలో ఫోటో తీయించుకుని పంపారు. అది ఇప్పటికీ మా ఇంటి వసారాలో వేలాడుతోంది. రెండోది, ఇప్పుడు నా పేరు ఆంటోనియస్ మాక్సిమస్ అంటాడు. నౌకాదళంలో చేరినవాడికి రోమన్ పేరు పెట్టారు. ఉత్తరం పైన అపియోన్, కింద మాక్సిమస్. ఇక్కడ స్కూల్లో టీచరుకి నోరు తిరగక నా పేరు సగానికి కోసేసిన రోజు నాకు గుర్తుంది. ఇంటికి వచ్చి చెప్తే నాన్న నవ్వి ఊరుకున్నారు. ఎపిమాఖోస్ ఆ వాక్యం చదివి ఏమనుకున్నాడో.

ఈ ఉత్తరం ఇంటికి ఎలా చేరిందో కూడా చెప్పాలి. ప్రభుత్వ టపా ఉండేది, కానీ అది ప్రభుత్వం పనికే. సిపాయిలు ఊరికి వెళ్లే మనిషిని వెతుక్కోవాలి. అపియోన్ చిరునామాలో రెండు అంచెలున్నాయి. ముందు ఈజిప్టులో ఒక పటాలం శిబిరంలో జూలియానస్ అనే గుమాస్తాకి, అక్కడి నుంచి ఫిలడెల్ఫియాలో నాన్నకి. దారిలో మనకి తెలిసిన గుమాస్తా ఒకడు ఉంటే పని జరుగుతుంది. ఇది కూడా కొత్తగా అనిపించలేదు.

అపియోన్ మంచి కొడుకు. అన్నీ మంచివే రాస్తాడు. టెరెన్షియానస్ అలా కాదు, అందుకే చరిత్రకారులకి వాడంటే ఇష్టం. వాడు రెండో శతాబ్దం మొదట్లో అలెగ్జాండ్రియా నౌకాదళంలో పనిచేశాడు. వాడి ఉత్తరాలు కరానిస్ అనే ఊళ్లో ఒక ఇంటి శిథిలాల్లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు తవ్వుతుంటే దొరికాయి. తండ్రి టిబెరియానస్ కూడా సైన్యంలో పనిచేసినవాడే. కాబట్టి దాచాల్సిన అవసరం లేదేమో.

ఒక ఉత్తరంలో వాడి కష్టాలన్నీ ఉన్నాయి. పరుపు, దిండు కొనుక్కున్నాడు. ఓడలో జబ్బుపడి పడుకుంటే ఎవరో ఎత్తుకుపోయారు. నాన్నా, బూట్లు, మేజోళ్లు పంపండి, ఇక్కడివి పనికిరావు, నెలకి రెండుసార్లు చెప్పులు మార్చాల్సి వస్తోంది అంటాడు. ఇంకో గునపంలాంటి గొడ్డలి పంపండి, మీరు పంపినది మా పైవాడు లాక్కున్నాడు. వాడికి నౌకాదళం నుంచి కాలిబంటు దళానికి మారాలని ఉంది. కానీ ఇక్కడ డబ్బు లేకుండా ఏ పనీ జరగదు, సిఫారసు ఉత్తరాలు కూడా పనిచేయవు అని తేల్చేస్తాడు. పంతొమ్మిది వందల ఏళ్ల కిందటి మాట! చివరికి వాడు లీజియన్‌లోకి మారాడు, తర్వాతి ఉత్తరాల వల్ల మనకి తెలుస్తుంది.

మనలాంటి వాళ్లకి ఇంకో విషయం. టెరెన్షియానస్ ఉత్తరాలు కొన్ని లాటిన్‌లో, కొన్ని గ్రీకులో ఉన్నాయి. వాడి అక్క పేరు తసూఖారియోన్. అది రోమన్ పేరు కాదు, ఈజిప్టు మొసలి దేవుడి పేరు మీద వచ్చింది. ఆవిడకి రాసింది గ్రీకులో. తండ్రికి రెండు భాషల్లోనూ రాశాడు. వాడి లాటిన్ పుస్తకాల లాటిన్ కాదు, మాట్లాడే లాటిన్. అక్షర దోషాలు బోలెడు. ఆ దోషాల వల్లే అప్పటి జనం లాటిన్‌ని ఎలా పలికేవాళ్లో భాషా పండితులకి తెలిసింది, దాని మీద పుస్తకాలే రాశారు. నా ఒత్తుల తప్పుల మీద ఎవరూ పుస్తకం రాయరు గానీ, ఇది చదివాక నాకు ధైర్యం వచ్చింది.

ఇంతకీ వాళ్లు రోజంతా ఏం చేసేవాళ్లు? ఉత్తరాల్లో ఇది తక్కువ. ఆఫీసు కాగితాల్లో ఎక్కువ. అలెగ్జాండ్రియా దగ్గరి ఒక లీజియన్ డ్యూటీ పట్టిక దొరికింది, మొదటి శతాబ్దం చివరిది. నిలువుగా 36 మంది పేర్లు, అడ్డంగా అక్టోబరు మొదటి పది రోజులు. ఒక్కో గడిలో ఒక్కో పని. కోట ద్వారం కాపలా, స్నానాల గది, ఆయుధాల గది, రోడ్డు మీద గస్తీ, బూట్ల పని, మరుగుదొడ్ల పని. యుద్ధం అనే గడి ఒక్కటీ లేదు. మా నాన్న దాని ఫోటో చూసి "ఇది మా ఆఫీసు ఎక్సెల్ షీటే" అన్నారు.

ఆ చుట్టుపక్కల కాలందే జీతం లెక్క కూడా ఉంది. క్రీ.శ. 81 ప్రాంతంలో క్వింటస్ జూలియస్ ప్రోక్యులస్ అనే సిపాయి ఖాతా. జీతం ఏడాదికి మూడుసార్లు, ఒక్కోసారి 248 డ్రాక్మాలు. కానీ చేతికి రాకముందే కోతలు. గడ్డికి 10, తిండికి 80, బూట్లూ కాలిపట్టీలకి 12, శిబిరంలో సాటర్నేలియా పండగకి 20, బట్టలకి 60. మొత్తం 182 పోయి మిగిలింది 66. రెండోసారి కాస్త నయం, 142 మిగిలాయి. మూడోసారి బట్టలకే 146 పట్టుకున్నారు, ఒక్క డ్రాక్మా మిగల్లేదు. ఈ లెక్క చూశాక టెరెన్షియానస్ మేజోళ్ల కోసం ఎందుకు ఏడ్చాడో అర్థమైంది. ఇంటి నుంచి వచ్చిన జత అంటే ప్రేమ మాత్రమే కాదు, జీతంలో మిగిలిన డబ్బు కూడా. మేజోళ్ల చెక్కని నేను మళ్లీ ఇంకోలా చదువుకున్నాను.

చదువు వల్ల పైకి వస్తానని అపియోన్ అన్నాడు కదా, అది ఊరికే అన్న మాట కాదు. రోమన్ సైన్యం నడిచేది ఈ పట్టికలూ ఖాతాలతోనే, రాయగలిగినవాడికి గిరాకీ ఉండేది. జూలియస్ అపొలినారియస్ అనే ఇంకో ఈజిప్టు కుర్రాడు అరేబియాలో ఉన్నాడు. రోమన్లు ఆ ప్రాంతాన్ని 106లో కలుపుకున్నారు. 107 మార్చి 26న వాళ్ల నాన్నకి రాశాడు. మిగతావాళ్లందరూ రోజంతా రాళ్లు కొడుతుంటే నేను మాత్రం హోదా ఉన్నవాణ్ణి కాబట్టి ఏ పనీ లేకుండా తిరుగుతున్నాను, దేవుడి దయ అంటాడు. ఎలా వచ్చింది ఆ హోదా? గవర్నరు క్లాడియస్ సెవెరస్ దగ్గరికి వెళ్లి మీ ఆఫీసులో గుమాస్తాగా పెట్టుకోండి అని అడిగాడు. ఖాళీ లేదు గానీ ఈలోగా లీజియన్‌లో గుమాస్తాగా వేస్తాను అని ఆయన అన్నాడు. తోటివాళ్లు ఎండలో రాళ్లు కొడుతుంటే ఇంత సంతోషంగా రాయడం నాకు కొంచెం నచ్చలేదు. కానీ కొడుకు ఎండలో లేడని తెలిస్తే ఏ నాన్న నిద్రపోడు చెప్పండి.

మళ్లీ విండొలాండాకి వస్తాను. అక్కడ దొరికిన చెక్కల్లో ఒకటి టుంగ్రియన్ పటాలం హాజరు పట్టీ. మొత్తం 752 మంది. అందులో 456 మంది వేరే చోట్ల పనుల మీద ఉన్నారు, ఒక్క కోరియా అనే కోటలోనే 337 మంది. మిగిలిన 296 మందిలో పనికి రాలేని వాళ్లు 31. జబ్బుతో 15, గాయాలతో 6, కళ్ల కలకతో 10. ఆ పది మంది దగ్గర నేను ఆగిపోయాను. పొగ నిండిన చీకటి గదుల్లో కళ్లు ఎర్రబడి పడుకున్న పది మంది కుర్రాళ్లు. వాళ్లలో ఎవరైనా ఆ వారం ఇంటికి ఉత్తరం రాసి ఉంటే, లేదా రాయించి ఉంటే, మొదటి వాక్యం ఏమై ఉంటుంది? నేను బాగున్నాను.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఏడో ఉత్తరం నానమ్మకి ఫోన్లో వినిపించాను. అందులోనూ అదే, ఇక్కడ నేను క్షేమం. ఈ నెల మనియార్డరు కొంచెం ఆలస్యం కావచ్చు, బెంగ పెట్టుకోవద్దు. నానమ్మ విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తారీఖు ఏం ఉంది?" అని అడిగింది. చెప్పాను. "అప్పుడు ఆయన మిలటరీ ఆస్పత్రిలో ఉన్నారు. మలేరియా. మూడు వారాలు. పెళ్లయ్యాక నాతో చెప్పారు. మా మామగారికి చివరిదాకా తెలీదు" అంది.

ఏడో ఉత్తరం మళ్లీ తీసి చూశాను. మిగతావాటికంటే అక్షరాలు పెద్దగా, దూరం దూరంగా ఉన్నాయి. వాక్యాలు తక్కువ. గేదె గురించి అడగలేదు. మొదటిసారి చదివినప్పుడు, ఈ ఉత్తరం సులువుగా ఉంది అని సంతోషించాను నేను.

అప్పటి నుంచి అపియోన్ ఉత్తరం కూడా వేరేగా కనిపిస్తోంది. సముద్రం మీద ప్రమాదం, దేవుడు కాపాడాడు, మూడు బంగారు నాణేలు. ఆ మొదటి రెండు మాటల మధ్యలో ఏం దాచాడో.

అపియోన్‌ది ఇంకో ఉత్తరం కూడా ఉంది, కొన్నేళ్ల తర్వాతది. ఈసారి రాసింది అక్క సబీనాకి. ఇప్పుడు పైన కూడా ఆంటోనియస్ మాక్సిమస్ అనే ఉంది, అపియోన్ అనే పేరు లేదు. మన ఊరివాడు ఆంటోనినస్ చేత నీ ఉత్తరం అందింది, మీరందరూ క్షేమమని తెలిసి సంతోషం, మనిషి దొరికితే చాలు నేనూ రాస్తూనే ఉంటాను అంటాడు. భార్య ఔఫిడియా, కొడుకు మాక్సిమస్, ఎల్పిస్, ఫార్చునాటా మిమ్మల్ని అడిగారు అని చెప్తాడు. కొడుకు పుట్టినరోజు ఏ నెలలో ఏ తారీఖో కూడా రాశాడు. ఆ నెల పేరు మాత్రం రోమన్ నెల కాదు, ఈజిప్టు నెల. అప్పటి చట్టం ప్రకారం సర్వీసులో ఉన్న సిపాయికి పెళ్లి చెల్లదు, నౌకాదళంలో సర్వీసు 26 ఏళ్లు. అయినా సంసారం ఉంది, అక్కకి ఆ కబురు ఉంది. కొడుక్కి పెట్టింది తన కొత్త పేరు.

తండ్రి రాసిన జవాబు దొరకలేదు. దొరకదు కూడా. సిపాయి కిట్‌లో ఉత్తరాలు ఎంతకాలం నిలుస్తాయి? మాకూ అంతే. ముత్తాత గారు రాసినవి ఒక్కటీ లేవు, తాతయ్యవే ఉన్నాయి. గేదె ఈనిందో లేదో మాకు తెలీదు.

ఇప్పటికి పదిహేడు చదివాను. ఆదివారం ఆదివారం నానమ్మకి వినిపిస్తున్నాను. ఇప్పుడు ముందు తారీఖు చెప్తున్నాను, తర్వాత ఉత్తరం. ఆవిడ మధ్యలో ఆపి ఏదో ఒకటి చెప్తుంది, నేను పక్కన పెన్సిలుతో రాసుకుంటున్నాను. పద్దెనిమిదోది మడత దగ్గర చిరిగి రెండు ముక్కలైంది, సిరా కూడా పాకింది. మొదటి పంక్తిలో నాకు అర్థమైంది ఒక్క మాట, క్షేమం.